బాకీ తీరింది, చెల్లు పడిందా?

ఒక మనిషి పేరు మీద పొరపాటున పడిన మచ్చను తుడవడంలో ఆలస్యం చేస్తే, ఆ ఆలస్యం ఖరీదు రోజుకెంత? మన దేశంలో దీనికి అధికారికంగానే ఒక జవాబుంది. వంద రూపాయలు. 2023 అక్టోబరు 26న రిజర్వు బ్యాంకు జారీ చేసిన ఉత్తర్వులో ఈ లెక్క ఉంది. ఆరు నెలల తర్వాత, 2024 ఏప్రిల్‌లో, అది అమల్లోకి వచ్చింది. క్రెడిట్ రిపోర్టులో తప్పుందని మనం ఫిర్యాదు చేశాక ముప్పై రోజుల్లో సంగతి తేల్చకపోతే, అక్కణ్నుంచి తేల్చేదాకా రోజుకు వంద చొప్పున మనకు కట్టివ్వాలి. ఇద్దరు కూర్చుని టిఫిను తిని కాఫీ తాగితే అయిపోయే సొమ్ము. దానితో ఆగిపోయిన ఇంటి రుణం తిరిగి రాదు, చేజారిన ఉద్యోగం అసలే రాదు. అయినా ఆ వందను తీసిపారేయబుద్ధి కాదు. మన గురించి రాసిన లెక్క తప్పయ్యే వీలుందని, దాన్ని నిలదీసే హక్కు మనకుందని, జవాబు చెప్పవలసింది రాసినవాళ్లేనని ఆ కాస్త మొత్తం ఒప్పుకుంటోంది. చిక్కల్లా ఏమిటంటే, రిపోర్టు తెరిచి చూడనివారికి ఆ హక్కు ఉన్నా లేనట్టే.

మన అప్పుల చరిత్ర రాసి పెట్టే సంస్థలు, అంటే క్రెడిట్ బ్యూరోలు, దేశంలో నాలుగున్నాయి: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. 2000లో మొదలైన సిబిల్ అన్నిటికన్నా ముందుది కాబట్టి జనం నోట అన్నిటికీ ఆ పేరే నిలిచింది. ట్రాక్టరు షోరూములోనూ, సెల్‌ఫోన్ల కొట్టులోనూ "మీ సిబిల్ ఎలా ఉంది?" అని ఆరోగ్యం అడిగినంత మామూలుగా అడుగుతున్నారు. 2005లో చేసిన ఒక చట్టం ఈ సంస్థలకు ఆధారం. అప్పులిచ్చే ప్రతి బ్యాంకూ, ఫైనాన్సు కంపెనీ ఈ నాలుగింటిలోనూ సభ్యులుగా చేరాలని 2015లో రిజర్వు బ్యాంకు చెప్పింది. మొదట్లో నెలకోసారి పంపే వివరాలను 2025 జనవరి నుంచి పదిహేను రోజులకోసారి పంపాలన్నారు. ఏ వాయిదా ఎప్పుడు కట్టాం, ఎన్ని రోజులు దాటింది, ఎక్కడెక్కడ కొత్త అప్పు అడిగాం, ఎవరికి ష్యూరిటీ ఉన్నాం అన్నవన్నీ మన కంటపడని చోట పోగవుతున్నాయి. వాటన్నిటినీ కలిపి 300కూ 900కూ మధ్య ఒక అంకెగా కుదిస్తారు. జనం ఆ అంకెనే చూస్తారు. దాని వెనక ఉన్న పుటలు చదివేవాళ్లు తక్కువ. తప్పులుండేది ఆ పుటల్లోనే.

ప్రోనోట్ల కాలంలో అప్పు తీర్చడమంటే రెండు పనులు. డబ్బు లెక్కపెట్టి ఇవ్వడం మొదటిది. నోటు వెనక చెల్లు రాయించుకోవడం రెండోది. కొంత కడితే ఆ కొంతకే చెల్లు, తేదీ వేసి, సంతకం పెట్టించి. పూర్తిగా తీరిపోతే నోటు చేతికి తీసుకుని, రెవెన్యూ స్టాంపు మీది సంతకం చింపేదాకా పెద్దవాళ్లు ఆ గడప దిగేవారు కాదు. అప్పిచ్చినాయన బహు మంచివాడే కావచ్చు, చిన్ననాటి స్నేహితుడే కావచ్చు. నమ్మకం నమ్మకమే, చెల్లు చెల్లే. ఆ రెండో పని ఈ కాలంలో మన చేతుల్లోంచి జారిపోయింది. నెలనెలా ఈఎంఐ ఖాతాలోంచి దానంతటదే కట్ అవుతుంది. ఆఖరి వాయిదా వెళ్లిన రోజున ఒక ఎస్సెమ్మెస్ వస్తుంది. చదివీ చదవనట్టు చదివి, హమ్మయ్య అనుకుంటాం. అవతలి పుస్తకంలో ఆ ఖాతా మూసినట్టు రాశారో లేదో చూసిందెవరు? ఏడాదికి ఒకట్రెండు సార్లు క్రెడిట్ రిపోర్టు తెరిచి చూసుకోవడమంటే, వదిలేసిన ఆ రెండో పనిని మళ్లీ పట్టుకోవడమే.

తెలుగువాళ్ల ఇళ్లలో దీని అవసరం అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది బంగారం తాకట్టు దగ్గర. పంట పెట్టుబడికి, పిల్లల ఫీజుకి, పెళ్లి ఖర్చుకి గొలుసో గాజులో బ్యాంకుకు వెళ్లడం, ఏడాది తిరిగేసరికి వడ్డీ కట్టి తిరగరాయించుకోవడం మనకు కొత్తేమీ కాదు. మన లెక్కలో అది ఒకటే నగ, ఒకటే అప్పు. చాలాచోట్ల బ్యాంకు లెక్కలో మాత్రం పాత ఖాతా ముగిసి, కొత్త నంబరుతో కొత్త ఖాతా పుడుతుంది. అయిదేళ్లు తిరగరాస్తే రిపోర్టులో అయిదు అప్పులు కనబడతాయి. కడపటిది తప్ప తక్కినవన్నీ మూసినట్టు ఉండాలి. ఏ ఒక్కటి అలా పడకపోయినా, గడువు దాటిన రోజులు దాని మీద పెరుగుతూ పోతాయి. నగ విడిపించుకొచ్చి బీరువాలో పెట్టుకున్న మనిషికి ఈ సంగతి తెలిసే దారే ఉండదు, ఇంకో అప్పుకు వెళ్లి ఎదురుదెబ్బ తినేదాకా.

పేర్లది ఇంకో కథ. ఇంటిపేరు ముందు రాసుకునే అలవాటు మనది. ఫారాలేమో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గళ్లు చూపిస్తాయి. ఒకచోట ఇంటిపేరు పొడి అక్షరంగా, ఇంకోచోట పూర్తిగా, మరోచోట తోకలో చేరుతుంది. శ్రీనివాసరావును ఇంగ్లిషులో ఎన్ని రకాలుగా రాయవచ్చో ఆ పేరున్నవాళ్లకే తెలుసు. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకున్న ఆడవాళ్ల చరిత్ర ఒక్కోసారి ఇద్దరు మనుషులదిగా చీలిపోతుంది. పుట్టినరోజుల సంగతి చెప్పనక్కర్లేదు. బడిలో వేసిన నాడు అయ్యవారు జూన్ ఒకటో, జూలై ఒకటో రాసేసిన తరం ఒకటి మన మధ్య ఉద్యోగాలు చేస్తోంది, అప్పులు కడుతోంది. పేరొకటై, పుట్టినతేదీ ఒకటై, ఊరు కూడా కలిస్తే, ఇద్దరి లెక్కలు ఒకే ఫైల్లో కలిసిపోవడం వింతేమీ కాదు. పాన్ నంబరు సరిగ్గా ఉన్నచోట ఈ కలగాపులగం తక్కువ. పాన్ లేకుండా ఇచ్చిన పాత అప్పుల్లో, నంబరు కొట్టడంలో ఒక్క అంకె పొరపాటైన చోట ఎక్కువ. ఎక్కడో ఒక శ్రీనివాసరావు మోటారు సైకిల్ వాయిదా ఎగ్గొడితే, ఇక్కడ ఇంకో శ్రీనివాసరావుకు ఇంటి రుణం ఆగుతుంది. ఇద్దరూ జన్మలో ఒకరినొకరు చూసుకోరు.

ష్యూరిటీ సంతకం తప్పుల కిందికి రాదు గానీ, దాన్నీ ఇక్కడే చెప్పుకోవాలి. తోటి ఉద్యోగి అడిగాడనో, బావగారి మాట కాదనలేకో పెట్టిన సంతకం మనం మరిచిపోవచ్చు, రిపోర్టు మరిచిపోదు. ఆయన వాయిదాలు తప్పితే ఆ నీడ మన మీద కూడా పడుతుంది. ఆయన పూర్తిగా కట్టేశాక కూడా మన పేరు అక్కడే ఉండిపోవచ్చు. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా పెట్టిన ఇలాంటి సంతకాలు ఎన్ని ఉన్నాయో రిపోర్టు చదివితే గానీ తెలియని కుటుంబాలుంటాయి.

రెండు తెలుగు రాష్ట్రాలకు ఈ విషయంలో ఇతరులకు లేని జ్ఞాపకం కూడా ఒకటుంది. 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మైక్రోఫైనాన్సు సంస్థల వసూళ్లకు పగ్గం వేస్తూ ఆర్డినెన్సు తెచ్చింది. వేధింపుల మీద, ఆత్మహత్యల మీద వరసగా వచ్చిన వార్తలు దానికి నేపథ్యం. ఆ తర్వాత వసూళ్లు దాదాపు నిలిచిపోయాయి. కట్టనక్కర్లేదన్న మాట ఊళ్లలో పాకింది. అప్పు మాత్రం సంస్థల పుస్తకాల్లో అలాగే ఉంది. ఆ సంక్షోభం తర్వాతనే చిన్నచిన్న గ్రూపు అప్పుల వివరాలు కూడా క్రెడిట్ బ్యూరోలకు పంపే పద్ధతి దేశమంతటా గట్టిపడింది. రుణమాఫీలదీ కొంత ఇదే దారి. 2014 తర్వాత తెలంగాణలో లక్ష రూపాయల లోపు పంట రుణాల మాఫీ సొమ్మును నాలుగు విడతల్లో ఇస్తామన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో పెద్ద మొత్తాలకు అయిదు విడతలన్నారు. సభలో మాఫీ ప్రకటించిన రోజుకూ, బ్యాంకులో ఖాతా సున్నా అయిన రోజుకూ మధ్య నెలలూ ఏళ్లూ నడిచాయి, వడ్డీ కూడా నడిచింది. అప్పు పోయిందని రైతు, ఉందని బ్యాంకు. ఇందులో ఎవరిది తప్పో ఒక్క మాటలో తేల్చలేం. కానీ మాఫీ పొందిన రైతు కుటుంబం ఒక్కసారి ఆ ఖాతా రిపోర్టులో ఏ స్థితిలో ఉందో చూసుకోవాలి. ఆ పని నాయకులెవరూ చేసిపెట్టరు.

మరోవైపు, మన నిజాయితీలో ఎక్కువ భాగం ఈ రిపోర్టుల దాకా వెళ్లనే వెళ్లదు. ముప్పై ఏళ్లుగా ఒక్క నెల తప్పకుండా చీటీ కట్టిన గృహిణి, నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి మాట ప్రకారం తీర్చిన చిన్న వ్యాపారి, పచారీ కొట్టు ఖాతా ప్రతి ఒకటో తారీఖునా చెల్లుబెట్టే గుమాస్తా — వీళ్ల రిపోర్టు తెరిస్తే ఖాళీ. చరిత్ర లేదంటుంది. చరిత్ర లేకపోవడం చెడ్డ చరిత్ర కాదని ఎవరో ఒకరు చెప్పవలసి వచ్చింది. మొదటిసారి అప్పుకు వచ్చినవాళ్ల దరఖాస్తును కేవలం చరిత్ర లేదన్న కారణంతో తిప్పికొట్టవద్దని రిజర్వు బ్యాంకు 2025 జనవరి మార్గదర్శకాల్లో బ్యాంకులకు సూచించింది. అదే ఏడాది ఆగస్టులో ఆర్థిక శాఖ సహాయ మంత్రి లోక్‌సభలో ఆ మాటే మళ్లీ చెప్పారు. శాఖల్లో కౌంటరు దాకా ఈ మాట పూర్తిగా దిగడానికి కొంత కాలం పడుతుంది.

ఇంతకీ చూడటం కష్టమా? కాదు. 2017 నుంచి ప్రతి క్యాలెండరు సంవత్సరంలో ఒకసారి స్కోరుతో సహా పూర్తి రిపోర్టును ఉచితంగా ఇవ్వడం ఈ నాలుగు సంస్థల విధి. పాన్, ఫోను నంబరు, ఓటీపీ ఉంటే చాలు. నాలుగూ ఒకేసారి తీసుకోకుండా, మూడు నెలలకొకటి చొప్పున తీసుకుంటే ఏడాది పొడుగునా ఒక కన్ను వేసి ఉంచినట్టవుతుంది. ఒకదానిలో ఉన్న తప్పు ఇంకోదానిలో ఉండకపోవచ్చు కూడా. మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోరు తగ్గుతుందన్న భయం ఎందుకో బాగా పాతుకుపోయింది. తగ్గదు. అప్పు ఇచ్చే సంస్థ మన దరఖాస్తు మీద చేసే విచారణ వేరు, మన లెక్క మనం చూసుకోవడం వేరు. పైగా ఎవరైనా మన రిపోర్టు తెరిస్తే ఫోనుకో ఈమెయిలుకో కబురు పంపాలని ఆ 2023 అక్టోబరులోనే వచ్చిన ఇంకో ఉత్తర్వులో ఉంది. మనం ఎక్కడా అప్పు అడగని రోజున అలాంటి కబురు వస్తే తీరిగ్గా చదవాల్సిన విషయం కాదది.

రిపోర్టు చేతికొచ్చాక స్కోరు చూసి సంతోషపడి మూసేస్తే చదివినట్టు కాదు. ప్రతి ఖాతా కింద నెలలవారీగా గళ్లుంటాయి, మూడేళ్ల దాకా. సున్నాలుంటే సకాలంలో కట్టినట్టు. ముప్పై, అరవై లాంటి అంకెలుంటే అన్ని రోజులు దాటినట్టు. కొన్ని గళ్లలో అడ్డదిడ్డంగా ఇంటూ గుర్తులు కనిపిస్తాయి. ఆ నెల వివరం సంస్థ పంపలేదని దాని అర్థం, మనం కట్టలేదని కాదు. పేరు తెలియని ఫైనాన్సు కంపెనీ కనిపించగానే కంగారు పడనక్కర్లేదు. ఫోను వాయిదాల మీద కొన్నప్పుడు మనం చూసింది యాప్ పేరే, అప్పిచ్చింది దాని వెనకున్న ఇంకో సంస్థ. తేదీ, మొత్తం పోల్చి చూస్తే చాలావరకు గుర్తొస్తుంది. అప్పటికీ గుర్తు రాకపోతే మాత్రం అది వేరే సంగతి. ఎక్కడో ఇచ్చిన పాన్ జిరాక్సు ఇంకెవరికో ఉపయోగపడి ఉండవచ్చు. 2020 చివర్లో హైదరాబాద్ పోలీసులు లోన్ యాప్‌ల మీద కేసులు పెట్టినప్పుడు బయటపడిన వేధింపులు మనకింకా గుర్తే. అలాంటి అప్పు మన పేర కనిపిస్తే అప్పిచ్చిన సంస్థకూ, బ్యూరోకూ రాతపూర్వకంగా తెలపడంతో పాటు సైబర్ నేరాల నంబరు 1930కు ఫోను చేయడమూ ఆ రోజే జరగాలి.

అన్నిటికన్నా మోసపుచ్చే మాట ఒకటి ఖాతా స్థితి దగ్గర కనబడుతుంది: సెటిల్డ్. వినడానికి ఎంత నెమ్మదిగా ఉంది! లక్ష బాకీకి డెబ్బై వేలు కట్టండి, వదిలేస్తాం అని వసూలు ఏజెంటు ఫోను చేస్తాడు. కట్టినవాడు బయటపడ్డాననుకుంటాడు. రిపోర్టు మాత్రం పూర్తిగా కట్టలేదని, రాజీ పడ్డారని ఏళ్ల తరబడి చెబుతూనే ఉంటుంది. అది తప్పు కాదు, జరిగినదే. ఫిర్యాదు చేసినా పోదు. మిగతా మొత్తం కూడా కట్టి, మూసినట్టు రాయించుకోవడమే దారి. ఇక్కడ రిపోర్టులను ఆడిపోసుకోవడం న్యాయం కాదు. ఆ ఫోను వచ్చిన రోజున ఈ తేడా చెప్పనివాళ్లను తప్పుపట్టవచ్చు. ఆ లెక్కన "సిబిల్ బాగు చేస్తాం, స్కోరు పెంచుతాం" అని వాట్సాప్‌లో తిరిగే ప్రకటనలను నమ్మి డబ్బు ఇవ్వడం కూడా వృథాయే. నిజంగా జరిగిన ఎగవేతను ఏ ఏజెంటూ చెరపలేడు. పొరపాటున పడినదాన్ని తీయించుకోవడానికి ఏజెంటు అక్కర్లేదు.

ఆ తీయించుకునే పద్ధతి కాగితం మీద తేలిగ్గానే ఉంది. బ్యూరో వెబ్‌సైటులో ఫలానా ఖాతాలో ఫలానా వివరం తప్పని నమోదు చేయాలి. బ్యూరో తనంతట తాను ఏమీ మార్చదు, అప్పిచ్చిన బ్యాంకును అడుగుతుంది. బ్యాంకు ఇరవై ఒక్క రోజుల్లో సరిచేసిన వివరం పంపాలి. ఆ గడువు దాటించినది బ్యాంకైతే నష్టపరిహారం బ్యాంకుది, బ్యాంకు పంపినా బ్యూరో కూర్చుంటే బ్యూరోది. అందుకే బ్యూరోతో పాటు బ్యాంకు శాఖకు కూడా ఒక ఉత్తరం పెట్టి, అందినట్టు ముద్ర వేయించుకోవడం మంచిది. నో డ్యూస్ సర్టిఫికెట్, ఆఖరి వాయిదా కట్టిన నెల పాస్‌బుక్ పేజీ, ఏజెంటు ఇచ్చిన రసీదు — అప్పు తీరాక ఏడాదికి పాత పేపర్లతో పాటు అమ్మేసే ఈ కాగితాలే అప్పుడు అక్కరకొస్తాయి. ఒప్పుకోకపోతే, ముప్పై రోజులు దాటితే, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు. 2022 సెప్టెంబరు నుంచి బ్యూరోలు కూడా అంబుడ్స్‌మన్ పరిధిలోకి వచ్చాయి. ఎలా ఫిర్యాదు చేయాలో తెలుగులోనే అడిగి తెలుసుకోవడానికి 14448 నంబరుంది.

కాగితం మీద తేలిక అన్నాం. అసలు బరువు ఎవరి మీద పడుతోందో చూడండి. తప్పు రాసినవాళ్లు వేరు. దాన్ని కనిపెట్టవలసింది, రుజువులు వెతకవలసింది, పని మానుకుని శాఖ చుట్టూ తిరగవలసింది తప్పు చేయనివాడు. ఆ 2023లోనే, సెప్టెంబరులో, రిజర్వు బ్యాంకు ఇంకో ఉత్తర్వు ఇచ్చింది. అప్పు పూర్తిగా తీరిన ముప్పై రోజుల్లో ఆస్తి పత్రాలు తిరిగివ్వకపోతే ఆలస్యమైన ప్రతి రోజుకూ అయిదు వేల రూపాయలు కట్టాలని. చక్కని నిర్ణయం. ఇంటి కాగితానికి రోజుకు అయిదు వేలు, ఇంటి యజమాని పేరుకు వంద. ఆరు వారాల తేడాతో ఒకే కార్యాలయం నుంచి వచ్చిన ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే, మనిషి పేరు విలువను మనం ఇంకా ఆస్తి కిందే కట్టలేదనిపిస్తుంది. అదే ఏడాది జూన్‌లో ఇలాంటి లోపాలకే నాలుగు బ్యూరోలకూ రిజర్వు బ్యాంకు జరిమానా వేసింది కూడా. అంటే తప్పులు అప్పుడప్పుడూ అక్కడక్కడా జరిగేవి మాత్రమే కావని పైవాళ్లకూ తెలుసు.

పేరు విలువ ఎందుకు పెరిగిందో నంద్యాల వీధుల్లో అడిగితే చెబుతారు. బ్యాంకు పరీక్షల కోచింగుకు ఏటా ఎక్కడెక్కడి పిల్లలో వచ్చి చేరే ఊరది. అక్కడ చదివేవాళ్లు లెక్కలూ రీజనింగూ నేర్చుకుంటారు గానీ, బ్యాంకు ఉద్యోగ ప్రకటనల్లో రుణ చరిత్ర గురించి కూడా షరతు ఉందన్నది ఆఖర్న గమనిస్తారు. 2025లో మద్రాసు హైకోర్టు ఒక కేసులో, రుణ చరిత్ర బాగాలేదన్న కారణంతో ప్రభుత్వ రంగ బ్యాంకు ఒక అభ్యర్థి నియామకం రద్దు చేయడాన్ని సమర్థించింది. డబ్బు చూసుకునే ఉద్యోగానికి డబ్బు విషయంలో క్రమశిక్షణ అడగడం కాదనలేనిదే. కాలేజీ రోజుల్లో కార్డు వాళ్లిచ్చిన ఉచిత బ్యాగు కోసం సంతకం పెట్టి, వాడకుండా పడేసిన క్రెడిట్ కార్డు మీద వార్షిక రుసుము బాకీ పెరిగి ఉంటే? అది కూడా క్రమశిక్షణ లెక్కలోకే వెళుతుంది. పరీక్షకు దరఖాస్తు పెట్టే రోజున రిపోర్టు చూసుకున్న పిల్లవాడికి దాన్ని కట్టి మూయించుకునే వ్యవధి ఉంటుంది. నియామక పత్రం వచ్చాక చూసుకున్నవాడికి ఉండదు. కోర్టులు ఎప్పుడూ ఒకే వైపు మొగ్గాయనీ కాదు. తక్కువ స్కోరు ఒక్కటే కారణంగా విద్యా రుణం నిరాకరించరాదని కేరళ హైకోర్టు 2023లో చెప్పింది. చదువు పూర్తయితే కట్టగలిగే విద్యార్థిని నిన్నటి బాకీతో కొలవడం ఏమిటన్నది ఆ తీర్పు వెనకున్న ఆలోచన.

విద్యా రుణాలంటే మన దగ్గర అమెరికా మాట రాకుండా ఉండదు. కొడుకు డాలస్‌లో ఎంఎస్ చేస్తుంటాడు, రుణంలో సహ దరఖాస్తుదారుగా తండ్రి ఖమ్మంలోనో గుంటూరులోనో ఉంటాడు. కొడుక్కి ఉద్యోగం ఆలస్యమై రెండు వాయిదాలు తప్పితే ఆ అంకెలు పడేది తండ్రి రిపోర్టులో కూడా. ఆ కుర్రాడికేమో అక్కడ మన దేశపు చరిత్ర పనికిరాక, మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కాల్సి వస్తుంది. అప్పుల చరిత్ర రాసే ఈ వ్యవహారం అక్కడ చాలా పాతది. 1899లో అట్లాంటాలో ఇద్దరు అన్నదమ్ములు, బాకీలు సరిగా కట్టేవారెవరో వర్తకులకు చెప్పే వ్యాపారం పెట్టారు. పేరు రిటైల్ క్రెడిట్ కంపెనీ. కాలక్రమంలో ఆ ఫైళ్లలో అప్పులతో పాటు మనుషుల అలవాట్లు, ఇంటి గుట్లు, ఇరుగుపొరుగు చెప్పిన కబుర్లు కూడా చేరాయి. ఎవరి గురించి రాశారో వాళ్లకు మాత్రం చూపించేవారు కాదు. దాని మీద గోల లేచి 1970లో చట్టం వచ్చింది. కంపెనీ 1975లో పేరు మార్చుకుంది. ఇప్పుడు మన నాలుగింటిలో ఒకటైన ఈక్విఫాక్స్ ఆ కుదురుదే. మన ఫైలు మనం చూడవచ్చునన్న హక్కు ఎవరో ఉదారంగా ఇచ్చినది కాదు, జనం పోట్లాడి తెచ్చుకున్నది.

ఆ అమెరికా చట్టంలో ఒక చిన్న ఏర్పాటు ఉంది. విచారణ చేశాక కూడా వివాదం తేలకపోతే, తన వాదనను క్లుప్తంగా రాసి రిపోర్టులో చేర్పించుకునే హక్కు మనిషికి ఉంటుంది. దాన్ని వంద మాటలకు పరిమితం చేసే వీలు సంస్థకు ఉంది. మన దగ్గర ఫిర్యాదు నడుస్తున్నంతకాలం ఆ ఖాతా వివాదంలో ఉందన్న గుర్తు వేస్తారు. మన నియమాలు ఆ గుర్తు దగ్గర ఆగకుండా ఇంకొక అడుగు వేస్తే బాగుంటుంది. గళ్లలో రోజుల లెక్క ఉంటుంది, ఆ రోజుల్లో ఇంట్లో ఏం జరిగిందో ఉండదు. ఆస్పత్రిలో పడ్డ నెలలు, మూతపడ్డ కంపెనీ, ఎండిన బోరు అన్నీ ఒకే అంకెగా కనిపిస్తాయి. అప్పు ఇవ్వాలా వద్దా అన్నది బ్యాంకు ఇష్టమే. నిర్ణయించే ముందు అవతలి మనిషి చెప్పుకునే నాలుగు వాక్యాలు కూడా, తెలుగులో రాసినా సరే, ఆ అంకె పక్కన కనబడేలా చేయడం రిజర్వు బ్యాంకుకు పెద్ద పని కాదు.